బడి లేని హెడ్‌మాస్టర్

ఇంగ్లండులో పిల్లల సంక్షేమం చూసే ప్రతి స్థానిక కౌన్సిల్‌లోనూ ఒక హెడ్‌మాస్టర్ ఉండి తీరాలని చట్టం. ఆ ఊళ్లో ఉన్న బడుల హెడ్‌మాస్టర్లు కాక, అదనంగా ఇంకొకరు. ఆ ఇంకొకరికి భవనం ఉండదు, తరగతి గదులు ఉండవు, ప్రార్థన గంట మోగదు. విద్యార్థులు మాత్రం వందల్లో ఉంటారు. వాళ్లంతా తలా ఒక బడిలో చదువుతుంటారు, కొందరైతే వంద మైళ్ల అవతల వేరే జిల్లాలో. కన్నవాళ్ల దగ్గర ఉండే వీలు లేక కౌన్సిల్ సంరక్షణలోకి వచ్చిన పిల్లలు వీళ్లు. ఎక్కువమంది ఫోస్టర్ కుటుంబాల్లో ఉంటారు, కొందరు హోముల్లో. ఆ హెడ్‌మాస్టర్‌ని వర్చువల్ స్కూల్ హెడ్ అంటారు. ఆయన చేతిలో, చాలాచోట్ల ఆవిడ చేతిలో, ఉండే ముఖ్యమైన పనిముట్టు ఒక కాగితం. పేరు పర్సనల్ ఎడ్యుకేషన్ ప్లాన్, పొట్టిగా పెప్.

ఒక పిల్లవాడి చదువు గురించి నలుగురు పెద్దలు కూర్చుని మాట్లాడుకుని రాసుకునే కాగితానికి పెద్ద చరిత్ర ఏముంటుంది అనిపిస్తుంది. ఉంది. పిల్లల సంరక్షణను ప్రభుత్వం ఒక శాఖగా కట్టిన 1948 నుంచి లెక్కేస్తే ఆ కాగితం రావడానికి 52 ఏళ్లు పట్టింది. దాన్ని అడిగే హెడ్‌మాస్టర్ చట్టంలోకి రావడానికి ఇంకో 14 ఏళ్లు. కష్టమైన శాస్త్రమేదో కనిపెట్టాల్సి వచ్చి ఆలస్యం కాలేదు. రెండు ఆఫీసుల మధ్య ఉన్న గోడ వల్ల అయింది.

ఆ గోడ కట్టినవాళ్లు చెడ్డవాళ్లు కారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, ఇల్లు లేని పిల్లల గతేమిటో చూడమని మైరా కర్టిస్ అధ్యక్షురాలిగా ఒక కమిటీ వేశారు. అదే కాలంలో, 1945 జనవరిలో, ష్రాప్‌షైర్‌లోని ఒక పొలం ఇంట్లో పెంపకానికి ఉంచిన డెనిస్ ఓనీల్ అనే 12 ఏళ్ల పిల్లవాడు పెంచేవాళ్ల చేతిలోనే దెబ్బలకూ ఆకలికీ చనిపోయాడు. దేశం అదిరిపడింది. 1946లో కర్టిస్ కమిటీ నివేదిక వచ్చింది. ఈ పిల్లల బాధ్యత అప్పటికి నాలుగైదు శాఖల మధ్య చెల్లాచెదురుగా ఉందని, ఎవరికీ పూర్తిగా పట్టడం లేదని చెప్పి, ప్రతి కౌన్సిల్‌లోనూ పిల్లల కోసమే ఒక విభాగం, దానికొక అధికారి ఉండాలంది. 1948 చట్టం ఆ మాట విన్నది. పిల్లల విభాగాలు లండన్‌లో హోం శాఖ కిందికి వెళ్లాయి. బడులు ఎప్పటిలా విద్యాశాఖ కింద ఉండిపోయాయి.

పిల్లవాడి గుణాన్నీ శక్తిసామర్థ్యాల్నీ వికసింపజేసే అవకాశం కల్పించాలని ఆ చట్టంలో రాసే ఉంది. కానీ అప్పటి భయమంతా ప్రాణం గురించి, తిండి గురించి, కాస్త ఆప్యాయత గురించి. అది సహజం. చదువు సంగతి బడి చూసుకుంటుందనుకున్నారు. 1971లో పిల్లల విభాగాలు సోషల్ సర్వీసుల్లో కలిసి ఆరోగ్య మంత్రిత్వ శాఖ గొడుగు కిందికి చేరాయి. గొడుగు మారింది కానీ గోడ కదల్లేదు.

గోడ ఉండటమంటే రోజువారీ జీవితంలో ఏమిటో చూడాలి. ఒక పిల్ల ఉన్న ఇంట్లో ఇక ఉంచలేమని మంగళవారం సాయంత్రం తేలుతుంది. సోషల్ వర్కర్ అన్ని ఫోన్లూ చేసి, 30 మైళ్ల దూరంలో ఖాళీగా ఉన్న ఒక ఫోస్టర్ కుటుంబాన్ని పట్టుకుంటుంది. పిల్ల బట్టలు సంచిలో సర్దుకుంటుంది. బుధవారం పొద్దున పాత బడిలో హాజరు పిలుస్తారు, పలికేవాళ్లుండరు. పిల్ల వెళ్లిపోయిందని వాళ్లకు చెప్పేదెవరు? కొత్త ఊళ్లో బడి వెతికేదెవరు? సగం రాసిన ప్రాజెక్టు పుస్తకాలు, లెక్కల్లో ఎక్కడ ఆగిందన్న వివరం తెచ్చేదెవరు? కొత్త ఇంట్లో కుదురుకోనీ, బడి సంగతి తర్వాత చూద్దాం అంటుంది సోషల్ వర్కర్. సోషల్ వర్కర్లు చూసుకుంటున్నారు కదా అంటుంది బడి. తల్లిదండ్రుల సమావేశానికి ఎవరు వెళ్లాలో, విహారయాత్ర అనుమతి చీటీ మీద ఎవరు సంతకం పెట్టాలో కూడా తేలదు. ఆ పిల్ల చుట్టూ జీతం తీసుకుని పనిచేసే పెద్దలు పదిమంది ఉంటారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్టు, చదివావా అని అడిగే మనిషి ఉండరు.

1958లో ఒకే వారంలో పుట్టిన బ్రిటన్ పిల్లలందర్నీ ఏళ్ల తరబడి గమనించిన జాతీయ అధ్యయనం ఒకటుంది. దాని లెక్కల్నుంచి 1976లో ముగ్గురు పరిశోధకులు, సంరక్షణలో ఉన్న పిల్లలు చదువులో వెనకబడ్డారని తేల్చారు. ఎవరూ పెద్దగా ఉలిక్కిపడలేదు. అలాంటి ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు మరి ఇంకెలా చదువుతారన్న సమాధానం అప్పటికే సిద్ధంగా ఉంది.

ఆ సమాధానాన్ని ఒప్పుకోని మనిషి సోనియా జాక్సన్. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం 1987లో సంరక్షణలోని పిల్లల చదువు మీద ఆమె రాసిన చిన్న పుస్తకం వేసింది. ఈ కథలో మలుపు అదేనని ఈ రంగంలో ఉన్నవాళ్లు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆమె చెప్పింది సూటిగా ఉంటుంది. లోపం పిల్లల్లో ఒక్కచోటే వెతక్కండి, వాళ్లను చూసుకునే పద్ధతిలోనూ వెతకండి. సోషల్ వర్కర్లకు చదువు తమ పని కాదన్న భావం ఉంది. టీచర్లలో ఈ పిల్లల మీద ఆశ తక్కువ. దానికి తోడు జాలి. పాపం వాడి కష్టాలు వాడికి చాలవా, హోంవర్క్ పేరుతో ఇంకా ఎందుకు పీడించడం అనే జాలి. కోపం చేసే నష్టం పైకి కనబడుతుంది, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. జాలి చేసే నష్టం మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. నన్నడిగితే జాక్సన్ రాసినవాటిలో ఇప్పటికీ పదును తగ్గనిది ఈ భాగమే.

ముందు మనసు కుదుటపడాలి, ఆ తర్వాతే చదువు అన్న అప్పటి సూత్రాన్ని కూడా ఆమె తిరగేసింది. ఇళ్లు మారుతున్న పిల్లకి మారకుండా ఉండే చోటు బడి ఒక్కటే కావచ్చు. అక్కడి స్నేహితులు, అక్కడ దొరికిన మెప్పు, మనసు కుదుటపడటానికి అదే దారి కావచ్చు. సంరక్షణలో పెరిగి బాగా చదువుకున్నవాళ్లను తర్వాతి కాలంలో ఆమె వెతికి పట్టుకుని మాట్లాడింది. చిన్నప్పుడే చదవడం వచ్చి ఉండటం, తన చదువు మీద నిజంగా శ్రద్ధ పెట్టిన ఒక పెద్ద మనిషి ఉండటం వాళ్లలో చాలామంది కథల్లో కనబడింది.

పెప్‌కు ముందు దాని పెద్దమ్మ లాంటిది ఒకటి వచ్చింది. 1989 పిల్లల చట్టం వచ్చిన కాలంలోనే, కౌన్సిల్ పెంపకం బాగుందో లేదో ఎలా కొలవాలన్న ప్రశ్న మీద రాయ్ పార్కర్ నాయకత్వంలో ఒక బృందం పనిచేసింది. జాక్సన్ అందులో ఉంది. వాళ్లు వేసుకున్న ప్రశ్న మామూలుదే: మంచి తల్లీతండ్రీ తమ సొంత బిడ్డకి ఏం చేస్తారు? ఆరోగ్యం, చదువు, తానెవరన్న ఎరుక, బంధాలు, ఇలా ఏడు కోణాల్లో, వయసు ప్రకారం ప్రశ్నల పుస్తకాలు తయారుచేశారు. ఆ పిల్లవాడితో ఎవరైనా కలిసి పుస్తకం చదువుతున్నారా, బడికి వెళ్లి టీచర్‌తో మాట్లాడేది ఎవరు వంటి ప్రశ్నలు ఒక ప్రభుత్వ ఫారంలోకి ఎక్కాయి. ఆలోచన చక్కనిది. కానీ ఆ పుస్తకాల బరువుకి సోషల్ వర్కర్లు మూలిగారు. వాళ్ల మూలుగులో న్యాయముంది. అన్నీ అడిగే ఫారంలో ఏ ఒక్కటీ గట్టిగా అడిగినట్టుండదు.

1994లో రెండు మంత్రిత్వ శాఖలూ కలిసి ఒక సర్క్యులర్ పంపాయి. సర్క్యులర్లకు పట్టే గతే దానికీ పట్టింది. మరుసటి ఏడు జరిగింది మాత్రం గట్టి దెబ్బ. బడుల ఇన్‌స్పెక్టర్లూ సోషల్ సర్వీసుల ఇన్‌స్పెక్టర్లూ కలిసి తనిఖీకి వెళ్లారు. ఈ పిల్లల చదువు రెండు వైపులా ఎవరికీ ముఖ్యం కాలేదని 1995 నివేదికలో రాశారు. అప్పటిదాకా ఒకళ్ల మీద ఒకళ్లు నెట్టుకున్న తప్పు ఒకే కాగితం మీద ఇద్దరి పేరా నమోదైంది.

1998లో కొత్త లేబర్ ప్రభుత్వం క్వాలిటీ ప్రొటెక్ట్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆరోగ్యమంత్రి ఫ్రాంక్ డాబ్సన్ దేశంలోని కౌన్సిలర్లందరికీ ఉత్తరం రాశాడు. సంరక్షణలోని పిల్లలకు మీరే తల్లిదండ్రులు, మీ పిల్లలైతే ఏం కోరుకుంటారో అదే చూడండన్నది దాని సారం. ఆ వెంటనే పెట్టుకున్న లక్ష్యం చూస్తే అప్పటి స్థితి అర్థమవుతుంది. ఇంగ్లండు పిల్లలు 16వ ఏట జీసీఎస్‌ఈ పరీక్షలు రాస్తారు. మన పదో తరగతిలా అన్నీ కలిపి ఒక ఫలితం ఉండదు, సబ్జెక్టుకొక గ్రేడు. మామూలు పిల్లలకి ఐదు సబ్జెక్టుల్లో మంచి గ్రేడు రావడం కొలమానం. సంరక్షణ నుంచి బయటికి వెళ్లే పిల్లల విషయంలో ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం ఇది: 2001 నాటికి వాళ్లలో సగం మందికి ఒక్క సబ్జెక్టులో, ఏదో ఒక గ్రేడు. 2003 నాటికి 75 శాతం మందికి అదే ఒక్క సబ్జెక్టు. సొంత బిడ్డ విషయంలో ఇలాంటి లక్ష్యం ఏ కౌన్సిలర్ పెట్టుకుంటాడు?

2000 మే నెలలో రెండు శాఖల పేర్లూ అట్ట మీద వేసుకుని మార్గదర్శకాల పుస్తకం వచ్చింది. పెప్ అందులో పుట్టింది. అప్పటికి ఇంగ్లండులో 58 వేల మంది పిల్లలు సంరక్షణలో ఉన్నారు. ప్రతి ఒక్కరికీ, సంరక్షణలోకి వచ్చిన 20 బడి పనిదినాల్లోగా, లేదా కొత్త బడిలో చేరిన 20 దినాల్లోగా, ఒక చదువు ప్రణాళిక ఉండాలన్నారు. బడి దొరకని పిల్లకి బడి చూపించడానికి కూడా అదే గడువు. ప్రతి బడిలోనూ ఈ పిల్లల బాధ్యత పేరుపేరునా ఒక టీచర్‌కి అప్పగించాలన్నారు. ఆ టీచర్‌ని డెజిగ్నేటెడ్ టీచర్ అంటారు.

పెప్‌లో ఉండేదంతా మనింట్లో పిల్లవాడి గురించి మనకు చెప్పకుండానే తెలిసే విషయాలే. చదవడం ఎంత వచ్చు, లెక్కల్లో ఎక్కడ తడబడుతున్నాడు. వచ్చే టర్ములో ఏం సాధించాలి, దానికి ఎవరు ఏం చేస్తారు, ఎప్పటిలోగా. ఫుట్‌బాలో పియానోనో ఇష్టమైతే దానికి తీసుకెళ్లేదెవరు. ఇల్లు మారాల్సి వస్తే బడి మారకుండా బస్సో టాక్సీయో ఏర్పాటు చెయ్యగలమా. వీటన్నిటితో పాటు పిల్ల తన మాటల్లో చెప్పుకునే భాగం. సోషల్ వర్కర్, డెజిగ్నేటెడ్ టీచర్, ఫోస్టర్ తల్లో తండ్రో, వీలైతే కన్నవాళ్లు, పిల్ల, ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. గోడకి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఎదురెదురుగా కూర్చోవాల్సి రావడమే ఇందులో అసలు కొత్తదనం. ఫారం దానికొక సాకు.

సాకు సాకుగానే మిగిలిన చోట్లు తక్కువేం కాదు. పిల్ల లేకుండానే నింపిన పెప్‌లు, పోయిన టర్ము వాక్యాలే ఈ టర్ములోనూ దిగిన పెప్‌లు, బాగా కృషి చెయ్యాలి అన్న ఒక్క ముక్కే లక్ష్యంగా ఉన్న పెప్‌లు ఇన్‌స్పెక్టర్ల చేతికి చిక్కుతూనే వచ్చాయి. 2003లో ప్రధానమంత్రి కోరిన నివేదికను సోషల్ ఎక్స్‌క్లూజన్ యూనిట్ అనే ప్రభుత్వ విభాగం బయటపెట్టింది. 2001–02లో సంరక్షణలోని పిల్లల్లో ఐదు మంచి జీసీఎస్‌ఈలు తెచ్చుకున్నవాళ్లు 8 శాతం. దేశం మొత్తం మీద సగం మంది. పదే పదే ఇళ్లు మారడం, బడికి దూరంగా గడిచే రోజులు, వెనకబడ్డప్పుడు సాయం దొరక్కపోవడం, ఇంట్లో చదువుకి తోడు లేకపోవడం, మానసికంగా కావలసిన అండ లేకపోవడం అని ఐదు కారణాలు చెప్పారు.

అదే 2003లో ఒక మార్పు జరిగింది. పత్రికలు దాన్ని మంత్రుల శాఖల మార్పిడిగా రాశాయి కానీ, ఈ కథకు అది పెద్ద సంఘటన. పిల్లల సంక్షేమం ఆరోగ్యశాఖ నుంచి విద్యాశాఖకు వచ్చింది. 2004 చట్టం, సంరక్షణలోని పిల్లల చదువును ముందుకు తీసుకుపోవడం కౌన్సిల్ విధి అని స్పష్టంగా రాసింది. బడులూ సోషల్ వర్కర్లూ ఇకమీదట కౌన్సిల్‌లో ఒకే డైరెక్టర్ కింద. 1948లో కట్టిన గోడ పై అంతస్తులో కూలింది. కింది అంతస్తులో, బడికీ పిల్ల ఉండే ఇంటికీ మధ్య, ఇంకా ఉంది.

ఫారం ఉంది, గడువు ఉంది, బడికొక టీచరున్నారు, చట్టం ఉంది. ఇంతున్నా, మీ కౌన్సిల్ పిల్లలు 300 మందిలో ఈ రోజు బడికి రానివాళ్లెవరు అని అడిగితే చెప్పగలిగిన మనిషి లేడు. 2006లో కేర్ మ్యాటర్స్ అనే పత్రంలో ప్రభుత్వం ఒక ఊహ పెట్టింది. ఈ పిల్లలంతా ఒకే బడిలో ఉన్నారనుకుందాం, ఆ బడికి ఒక హెడ్‌మాస్టర్‌ని వేద్దాం. 2007 నుంచి రెండేళ్లు 11 కౌన్సిళ్లలో ప్రయోగం జరిగింది. వర్చువల్ హెడ్ దగ్గర హాజరుపట్టీ ఉంటుంది, మార్కుల పట్టిక ఉంటుంది. ఎవరి పెప్ రాలేదో, వచ్చినవాటిలో ఏది పనికిరాదో ఆయనకు తెలుస్తుంది, వెనక్కి పంపగలడు. పిల్లని బడినుంచి తీసేస్తామంటే ఆ బడికి ఫోన్ చేసేది ఆయనే.

ఈ ఉద్యోగానికి ఆఫీసరనో కోఆర్డినేటరనో కాకుండా హెడ్ అని పేరు పెట్టడంలో లోకజ్ఞానం ఉందని నాకనిపిస్తుంది. కౌన్సిల్ గుమాస్తా ఫోన్ చేస్తే హెడ్‌మాస్టర్ మీటింగులో ఉంటాడు. ఇంకో హెడ్‌మాస్టర్ ఫోన్ చేస్తే లైన్లోకి వస్తాడు.

ప్రయోగాన్ని పరిశీలించిన బ్రిస్టల్ విశ్వవిద్యాలయం బృందంలో సోనియా జాక్సన్ కూడా ఉంది. 2009లో వాళ్ల నివేదిక ఈ ఏర్పాటు పనికొస్తుందనే చెప్పింది. అంతకు ముందే, 2008 చట్టంలో, డెజిగ్నేటెడ్ టీచర్ పదవికి చట్టబలం వచ్చింది. వర్చువల్ హెడ్‌కి ఆ బలం 2014లో వచ్చింది. ఈ మధ్యలో చాలా కౌన్సిళ్లు చట్టం కోసం ఆగకుండా తమంతట తామే నియమించుకున్నాయి.

డబ్బు సంగతి కూడా 2014లోనే తేలింది. పేద పిల్లల కోసం బడులకి తలకింత అని ఇచ్చే ప్యూపిల్ ప్రీమియం అప్పటికే ఉంది. ఆ ఏడాది ప్రైమరీలో అది 1,300 పౌండ్లు, సెకండరీలో 935. సంరక్షణలోని పిల్లలకి ప్రీమియం ప్లస్ పేరుతో 1,900 పౌండ్లు చేశారు. ఇప్పుడది 2,500 దాటింది. ఆ డబ్బు నేరుగా బడికి పోదు. వర్చువల్ హెడ్ చేతికి వస్తుంది. పెప్‌లో రాసుకున్న అవసరాన్ని బట్టి ఆయన ఇస్తాడు. పెప్ సరిగా లేకపోతే డబ్బు ఎందుకివ్వాలని అడగగలడు. 14 ఏళ్లపాటు మంచిమాటగా మిగిలిన కాగితాన్ని బడులు ఒక్కసారిగా శ్రద్ధగా నింపడం మొదలెట్టడానికి ఇంతకన్నా వేరే రహస్యం వెతకనక్కర్లేదు.

అన్నీ ఢిల్లీ స్థాయి, అంటే లండన్ స్థాయి, ఏర్పాట్లే అనుకోకూడదు. లెస్టర్ విశ్వవిద్యాలయంలో రోజ్ గ్రిఫిత్స్ అనే లెక్కల బోధకురాలు ఫోస్టర్ కుటుంబాల్లోని పిల్లలకి పోస్టులో పార్సిళ్లు పంపడం మొదలుపెట్టింది. నెలకొకటి, ఆరు నెలలు. అందులో కథల పుస్తకాలు, లెక్కల ఆటలు, పెన్సిళ్లు. చిరునామాలో పిల్లవాడి పేరే ఉంటుంది, కేరాఫ్ ఫలానా కౌన్సిల్ అని కాదు. లెటర్‌బాక్స్ క్లబ్ అనే ఈ పనిని 2007 నుంచి బుక్‌ట్రస్ట్ సంస్థ దేశమంతటికీ తీసుకెళ్లింది. ఇల్లు మారినా పార్సిల్ పిల్లవాడి వెంటే కొత్త ఇంటికి వస్తుంది, పుస్తకాలు వాడి సొంతం.

మన దగ్గర 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం సంరక్షణలోకి వచ్చిన ప్రతి బిడ్డకీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలి, చదువు అందులో ఒక భాగం. పార్కర్ బృందం పుస్తకాలకి అది దగ్గరి చుట్టం. చదువు ఒక్కదానికే జవాబు చెప్పే అధికారి అందులో లేరు.

ఇంగ్లండులో ఇంత చేశాక ఏమైంది? 2015లో ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు లెక్కలన్నీ కలిపి చూశారు. ఎక్కువ కాలం సంరక్షణలో ఉన్న పిల్లలు, సమస్యలున్న సొంత ఇళ్లలోనే ఉండి సోషల్ వర్కర్ల సాయం పొందుతున్న పిల్లల కన్నా పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. సంరక్షణే చదువుని చెడగొడుతోందన్న మాటకి ఇది గట్టి జవాబు. అదే అధ్యయనం ఇంకోటి కూడా చెప్పింది. 11 ఏళ్లు దాటాక ఇల్లు మారిన ప్రతిసారీ జీసీఎస్‌ఈలో మూడో వంతు గ్రేడు తగ్గుతోంది. పరీక్షల ముందు రెండేళ్లలో బడి మారితే ఐదు గ్రేడుల పైనే నష్టం. వర్చువల్ హెడ్ ఎంత సమర్థుడైనా ఫోస్టర్ కుటుంబాల్ని సృష్టించలేడు. ఇప్పుడు సంరక్షణలో 80 వేల పైచిలుకు పిల్లలున్నారు. వాళ్ల సగటు మార్కులు దేశ సగటులో సగానికి ఇంకా చేరలేదు. 2000 ప్రాంతంలో వీళ్లలో నూటికి ఒక్కరే విశ్వవిద్యాలయానికి వెళ్తారని అనేవారు. ఈ మధ్య లెక్కల ప్రకారం 19 ఏళ్లకల్లా 14 శాతం దాకా వెళ్తున్నారు. రెండు లెక్కలూ ఒకే తీరున కట్టినవి కావు కాబట్టి పద్నాలుగు రెట్లని చంకలు గుద్దుకోనక్కర్లేదు, కానీ కదలిక నిజమే.

పని మాత్రం పెరుగుతోంది. 2018 నుంచి, సంరక్షణ వదిలి దత్తత వెళ్లిన పిల్లల గురించి సలహా అడిగితే చెప్పే బాధ్యత కూడా వర్చువల్ హెడ్‌దే. 2021 నుంచి, సొంత ఇంట్లోనే ఉన్నా సోషల్ వర్కర్ ఉన్న పిల్లలందరి చదువు మీద కన్నేసి ఉంచమన్నారు. 16 దాటినవాళ్ల దగ్గర ఏర్పాటు ఇప్పటికీ పలచగానే ఉంది. సంరక్షణలో ఉన్నంతకాలం, 18 దాకా, పెప్ రాయాల్సిందే. ప్రీమియం ప్లస్ మాత్రం 16తో ఆగిపోయేది. ఆ పై వయసు వాళ్లకి కొంత సొమ్ము ఇచ్చి చూడటం 2021లో కొన్ని కౌన్సిళ్లలో ప్రయోగంగా మొదలైంది. డెజిగ్నేటెడ్ టీచర్ ఉండాలన్న చట్టం బడులకే వర్తిస్తుంది. 16 ఏళ్లకి బడి వదిలి కార్పెంటరీయో కేటరింగో నేర్చుకోవడానికి కాలేజీలో చేరిన పిల్ల కోసం, అక్కడ పెప్ సమావేశానికి ఎవరు రావాలో కాలేజీకీ కౌన్సిల్‌కీ ఉన్న పరిచయాన్ని బట్టే తేలుతుంది.